గడ్డను రుద్దవద్దు – రక్తాన్ని నిందించవద్దు

"ఇక లాభం లేదండి, రక్తంలో కలిసిపోయింది." క్యాన్సర్ రోగిని గురించి మన కోనసీమ పల్లెలలో తరచుగా వినవచ్చే మాట ఇది. ఉప్పలగుప్తంలో ఆయుర్వేద వైద్యవృత్తిలో ఉన్న నాకు ఈ మాట చెవిన పడని నెల ఉండదు. రోగి బంధువులు దీనిని తీర్పులాగా పలుకుతారు. ఆ తరువాత చికిత్స ప్రసక్తి ఉండదు, మొక్కుబడులే మిగులుతాయి.

ఈ ఒక్క మాట చాటున మూడు అపోహలు దాగి ఉన్నాయి. రక్తం చెడినందువల్లనే క్యాన్సర్ పుట్టిందనీ, కనుక రక్తశుద్ధి ఔషధాలతో అది పోతుందనీ మొదటి అపోహ. గడ్డకు సూదిగాని, కత్తిగాని తగిలితే వ్యాధి రక్తంలో కలిసి ఒళ్లంతా పాకుతుందని రెండవది. రోగి నడిస్తే, శ్రమిస్తే రక్తం పరుగులు తీసి వ్యాధిని మోసుకుపోతుందని మూడవది. విచిత్రమేమంటే, సూదికి భయపడే ఆ చేతులే రొమ్ములోని గడ్డను ఉదయం సాయంత్రం ఆముదంతో రుద్దుతున్నాయి.

రక్తప్రవాహం క్యాన్సర్ కణాలను మోసుకుపోతుందన్న మాట నిజం. అయితే ఎలా మోస్తుంది, ఎక్కడ దింపుతుంది, దింపిన తరువాత ఏమవుతుంది అన్న వివరాలు తెలిసినవారు ఈ మూడు అపోహలలో ఏ ఒక్కదానినీ నమ్మరు. గృహవైద్యం మీద గౌరవం గల ప్రతి కుటుంబమూ ఆ వివరాలను తెలుసుకోవాలన్నది నా అభిప్రాయం.

కాలువ చెప్పే పాఠం

మన ప్రాంతం వారికి ఈ సంగతి చెప్పడానికి కాలువ కంటే మంచి ఉపమానం లేదు. ధవళేశ్వరం వద్ద కాటన్ దొర ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852లో పూర్తి అయిన ఆనకట్ట స్థానంలో ఇప్పుడు ఉన్న బ్యారేజీ నుండి మధ్య డెల్టా కాలువలకు నీరు వస్తున్నది. ఆ నీరు పెద్ద కాలువ నుండి చిన్న కాలువకు, చిన్న కాలువ నుండి బోదెకు చేరి, చివరకు సముద్రపు ఒడ్డున ఉన్న మా మండలపు శివారు భూములను తడుపుతున్నది.

ఆ కాలువలలో గుర్రపుడెక్క ఎలా వ్యాపిస్తుందో గమనించండి. నీరు జోరుగా పారేచోట అది నిలవదు. వంతెన స్తంభం వద్ద, తూము ముఖాన, మలుపులో, పూడిక మేటవేసి నీరు మందగించినచోట ఆగుతుంది. ఆగిన ప్రతి మొక్కా బతకదు. బతికినచోట మాత్రం నెల తిరిగేలోగా కాలువను కప్పివేస్తుంది. అక్కడి నుండి విడిపోయిన పిలకలు మళ్లీ దిగువకు ప్రయాణం కడతాయి.

గుర్రపుడెక్కను మోసుకువచ్చింది కాలువే కదా అని కాలువను ఎవరూ పూడ్చుకోరు. వరిచేనుకు నీరు తెచ్చేదీ ఆ కాలువే. డెక్క ఒక మడుగులో ఉన్నప్పుడే తీసివేయడం తెలివైన రైతు పని. క్యాన్సర్ విషయంలో మనం గ్రహించవలసినది ఇంతకంటె భిన్నమైనది కాదు.

రక్తంలో ఆ కణం ప్రయాణం

మన శరీరంలో రక్తం సుమారు 5 లీటర్లు. విశ్రాంతిగా ఉన్నప్పుడు గుండె నిమిషానికి దాదాపు అంత రక్తాన్నే పంపుతుంది. గుండె నుండి బయలుదేరే మహాధమనిలో రక్తవేగం ఎక్కువ. అతి సన్నని కేశనాళికలకు చేరేసరికి అది క్షణానికి ఒక మిల్లీమీటరు కంటె తక్కువకు పడిపోతుంది. పెద్ద కాలువ నీరు వందల బోదెలలోకి చీలి నెమ్మదించినట్లే ఇదీను. ఆ కేశనాళిక వెడల్పు 5 నుండి 10 మైక్రానులు. అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతులు అయిదు నుండి పది మాత్రమే. మెత్తని ఎర్రకణం వంగి ఆ దారిలో దూరిపోగలదు. క్యాన్సర్ కణం సాధారణంగా అంతకు రెట్టింపు పెద్దది. కనుక ఇరుకులో చిక్కుకొంటుంది.

గడ్డ ఒకటి రెండు మిల్లీమీటర్లు మించి పెరగాలంటే దానికి తనదైన రక్తసరఫరా కావాలి. ఈ సంగతిని అమెరికా శస్త్రవైద్యుడు జుడా ఫోక్‌మన్ 1971లో ప్రతిపాదించాడు. గడ్డ తన చుట్టూ కొత్త రక్తనాళాలను మొలిపించుకొంటుంది. అవి హడావుడిగా వేసిన మట్టిగట్ల వంటివి. సందులు ఎక్కువ, క్రమం తక్కువ. ఆ సందులలో నుండి కణాలు రక్తంలోకి జారుతాయి. కొన్ని శోషరస నాళాల ద్వారా ముందుగా దగ్గరలోని గ్రంథులకు చేరుతాయి. రొమ్ము క్యాన్సర్‌లో చంకలోను, నోటి క్యాన్సర్‌లో మెడలోను బిళ్లలు కట్టడానికి కారణం అదే.

రక్తంలోకి దిగిన కణానికి సుఖప్రయాణం లేదు. ప్రవాహపు ఒరిపిడి దానిని చీలుస్తుంది. రక్షక కణాలు వెంటాడతాయి. 1970లో అమెరికాలో ఫిడ్లర్ అనే శాస్త్రవేత్త రేడియోధార్మిక గుర్తు పెట్టిన క్యాన్సర్ కణాలను ఎలుకల రక్తంలోకి ఎక్కించి లెక్కచూశాడు. ఒక రోజు గడిచేసరికి బతికి ఉన్నవి నూటికి ఒకటి కంటె తక్కువ. చివరకు కొత్త గడ్డలుగా నిలిచినవి వెయ్యింటికి ఒకటి కంటె తక్కువ. పలుచగా చెదిరిన ఒంటరి కణాల కంటే గుంపుగా కదిలే కణాలకు, తమ చుట్టూ ప్లేట్‌లెట్లను కవచంలా కప్పుకొన్న కణాలకు బతికే అవకాశం ఎక్కువ అని తరువాతి పరిశోధనలు తెలిపాయి.

అంటే "రక్తంలో కలిసింది" అన్నంత మాత్రాన అంతా అయిపోయినట్లు కాదు. మన రక్తమే ఆ కణాలలో అత్యధిక భాగాన్ని చంపుతున్నది. కాని గడ్డ ఎంతకాలం ఉంటే అంతకాలమూ కణాలు జారుతూనే ఉంటాయి. వెయ్యింటికి ఒకటి అయినా బతికే అవకాశం ఉన్నప్పుడు, జారే సంఖ్యను తగ్గించడం ఒక్కటే మన చేతిలో ఉన్న పని. ఆలస్యం ప్రమాదకరం అనడంలోని అసలు అర్థం ఇది.

ప్రవాహమా, నేలా?

కణం ఎక్కడ స్థిరపడుతుందన్న ప్రశ్న మీద వైద్యలోకంలో శతాబ్దానికి పైగా వాదం నడిచింది. లండన్ వైద్యుడు స్టీఫెన్ పేజెట్ 1889లో రొమ్ము క్యాన్సర్‌తో మరణించిన 735 మంది స్త్రీల శవపరీక్షల వివరాలు క్రోడీకరించాడు. 241 మందిలో కాలేయానికి వ్యాధి పాకింది. ప్లీహానికి పాకినది 17 మందిలో మాత్రమే. రెండింటికీ రక్తం అందుతూనే ఉన్నది కదా, ఇంత భేదం ఎందుకు? విత్తనం అంతటా పడుతుంది, అనుకూలమైన నేలలోనే మొలుస్తుంది అని ఆయన సమాధానం.

1920ల దశకంలో అమెరికా వైద్యుడు జేమ్స్ ఈవింగ్ దీనిని అంగీకరించక, రక్తం ఏ దారిన పోతే వ్యాధి ఆ దారినే పోతుందన్నాడు. ఆయన మాటకూ ఆధారాలున్నాయి. పెద్దప్రేగు నుండి వచ్చే రక్తం నేరుగా కాలేయానికి పోతుంది. ప్రేగు క్యాన్సర్ ఎక్కువగా ముందు కాలేయానికే పాకుతుంది. ఇతర అవయవాల సిరలలోని రక్తం గుండె కుడిభాగం మీదుగా ఊపిరితిత్తులకు చేరుతుంది. అక్కడి కేశనాళికలే తొలి జల్లెడ. ప్రొస్టేట్ గ్రంథి క్యాన్సర్ వెన్నెముకకు ఎందుకు పాకుతుందో 1940లో బాట్సన్ అనే శరీరశాస్త్రజ్ఞుడు చూపించాడు. కటిప్రదేశం నుండి వెన్నుపూసల వరకు కవాటాలు లేని సిరల అల్లిక ఒకటి ఉన్నది. ఉదరంలో ఒత్తిడి పెరిగినప్పుడు రక్తం అందులో ఎదురు కూడా పారగలదు.

ఇటీవల 2018లో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ పరిశోధకులు ఈ రెండు వాదాల నడుమ ఉన్న ఖాళీని కొంత పూరించారు. మన దేశపు వాగులలో సహజంగా పెరిగే చారల చిన్నచేప ఒకటి ఉన్నది. దానిని జీబ్రాచేప అంటారు. దాని పిండం అద్దంలా పారదర్శకం. అందులోకి క్యాన్సర్ కణాలను ఎక్కించి, రక్తవేగాన్ని కొలుస్తూ చూశారు. ప్రవాహం వేగంగా ఉన్నచోట కణాలు నాళపు గోడకు అంటుకోలేకపోయాయి. మందగించినచోట అంటుకొన్నాయి. అంటుకొన్న తరువాత మాత్రం మరొక విశేషం కనిపించింది. నాళం నుండి బయటపడడానికి ఆ కణానికి కొంత ప్రవాహం అవసరమైంది. ప్రవాహపు ఒత్తిడికి నాళపు గోడ కణాలు కదిలి, క్యాన్సర్ కణాన్ని చుట్టివేసి, అవతలికి నెట్టాయి. మెదడుకు వ్యాధి పాకిన మనుషుల చిత్రాలను పరిశీలించినప్పుడు కూడా, రక్తప్రవాహం తక్కువగా ఉండే భాగాలలోనే గడ్డలు ఎక్కువగా కనిపించాయి.

కనుక ప్రవాహమూ కావాలి, నేలా కావాలి. రక్తం మంచిదా, చెడ్డదా అన్న ప్రశ్నకు ఇక్కడ తావే లేదు. రక్తం శుద్ధంగా ఉన్నవారిలోనూ కణం ఇరుకుదారిలో చిక్కుకొంటుంది. సుగంధిపాల కషాయమో, వేపచిగురో, మంజిష్ఠ చూర్ణమో పుచ్చుకొన్నందువల్ల ఆ ఇరుకు విశాలం కాదు. గడ్డ నుండి కణాలు జారడం ఆగదు. ఈ ఓషధులకు ఉన్న గుణాలను నేను కాదనడం లేదు. ఈ పనికి అవి చాలవని మాత్రమే చెబుతున్నాను.

మన శాస్త్రం ఏమన్నది?

అల్లోపతి మాటలు చెబుతున్నాడే గాని ఇతడు ఆయుర్వేద వైద్యుడేనా అని కొందరికి సందేహం కలుగవచ్చును. అటువంటివారు సుశ్రుతసంహితను ఒక్కసారి తిరగవేయాలి. నిదానస్థానంలో సుశ్రుతుడు అర్బుదాన్ని వర్ణిస్తూ, అది గుండ్రంగా, కదలకుండా, లోతైన మూలంతో, మెల్లగా పెరిగే మాంసపు ఉబ్బు అనీ, చీము పట్టదనీ అన్నాడు. ఉన్న అర్బుదం మీద మరొకటి పుడితే అధ్యర్బుదమనీ, ఒకదాని వెంట మరొకటి, లేదా రెండూ ఒక్కసారే పుడితే ద్విరర్బుదమనీ పేర్లు పెట్టాడు. రక్తార్బుదం, మాంసార్బుదం అసాధ్యాలన్నాడు. మందు పేరు చెప్పి మభ్యపెట్టలేదు.

చికిత్సాస్థానంలోని మాట ఇంకా ముఖ్యమైనది. అర్బుదాన్ని శేషం మిగల్చకుండా పూర్తిగా తొలగించాలని, మిగిలితే మళ్లీ పెరిగి నిప్పురవ్వలాగా మనిషిని హరిస్తుందని ఆయన హెచ్చరించాడు. నేటి క్యాన్సర్ శస్త్రవైద్యుడు గడ్డతోపాటు చుట్టూ ఆరోగ్యంగా ఉన్న అంచును కూడా తీసి, ఆ అంచులో కణాలు లేవని సూక్ష్మదర్శినితో నిర్ధారించుకొంటాడు. రెండింటి వెనుక ఉన్న జాగ్రత్త ఒక్కటే. శస్త్రచికిత్సకు పితామహుడని మనం గర్వంగా చెప్పుకొనే సుశ్రుతుని పేరు మీదనే శస్త్రచికిత్స వద్దని ప్రచారం చేయడం కంటె అన్యాయం ఏమున్నది?

గడ్డను రుద్దరాదు

మన ఇళ్లలో గడ్డ కనిపించగానే చేసే పనులు అందరికీ తెలిసినవే. సున్నం, బెల్లం కలిపి పట్టు వేయడం. జిల్లేడాకు వెచ్చచేసి కట్టడం. ఆముదంతో కాపడం పెట్టడం. పాలగడ్డ అని నలిపి కరిగించాలని చూడడం. సెగగడ్డకు, బెణుకుకు ఇందులో కొన్ని ఉపశమనం ఇస్తాయి. ఏమిటో తెలియని గడ్డకు మాత్రం ఏదీ పనికిరాదు.

1913లోనే టైజర్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు ఎలుకలలోని గడ్డలను మర్దన చేసి చూశాడు. మర్దన చేసిన ఎలుకలలో ఊపిరితిత్తులకు వ్యాధి పాకడం ఎక్కువైంది. మనుషుల మీద అటువంటి ప్రయోగం చేయరాదు, చేయనవసరం లేదు. పగుళ్లున్న గట్టును తొక్కి చూడడం ఎందుకు?

ఇక్కడ ఒక భేదం చెప్పవలసి ఉన్నది. క్యాన్సర్ రోగికి తలకో, పాదాలకో మృదువుగా నూనె రాస్తే వ్యాధి పాకుతుందని ఆధారం లేదు. చికిత్స చేసే వైద్యుని అనుమతితో అది నిరభ్యంతరం. రోగికి హాయి కలుగుతుంది. గడ్డ మీద, వ్యాధి పాకిన ఎముకల మీద మాత్రం మర్దన కూడదు. గుల్లబారిన ఎముక కొద్ది ఒత్తిడికే విరుగుతుంది.

మరొక ప్రమాదం చాలామందికి తెలియదు. క్యాన్సర్ ఉన్నవారిలో సిరలలో రక్తం గడ్డకట్టే స్వభావం ఎక్కువ అని ఫ్రెంచి వైద్యుడు ట్రూసో 1865లోనే గుర్తించాడు. అటువంటి రోగికి ఒక కాలు హఠాత్తుగా వాచి, పిక్క నొప్పి పెడితే వాతం అనుకొని తైలం రుద్దకండి. పిక్కలో కట్టిన రక్తపు ముద్ద కదిలి ఊపిరితిత్తులకు చేరితే నిమిషాలలో ప్రాణం పోవచ్చును. ఆ కాలిని కదపకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకుపోవాలి.

సూది, కత్తి – భయాలు

"సూది పొడిచిన తరువాతే ముదిరిందండి" అని ఎందరో అంటారు. వారి దుఃఖం నిజమైనది. వారి లెక్క మాత్రం సరికాదు. ఆరునెలలు పట్లు వేసి, పుండు పడిన తరువాత ఆసుపత్రికి పోయినవారికి సూది పరీక్ష జరుగుతుంది. అప్పటికే రక్తంలోకి జారి ఎక్కడో నిద్రాణంగా ఉన్న కణాలు ఆ తరువాత బయటపడతాయి. నింద సూది మీద పడుతుంది. గడచిన ఆరు నెలలను ఎవరూ తప్పుపట్టరు.

సూది వెళ్లిన దారిలో కణాలు మిగలడమన్నది కొన్ని అవయవాల విషయంలో అరుదుగా జరుగుతుంది. ఆ సంగతి వైద్యులకు తెలుసు. అటువంటిచోట వారు పద్ధతిని మారుస్తారు. రొమ్ములోని గడ్డకు, మెడలోని బిళ్లకు సూది పరీక్ష వల్ల కలిగే ప్రమాదం లెక్కింపదగినది కాదు. పరీక్ష చేయించని గడ్డ మాత్రం ప్రతిదినమూ కణాలను రక్తంలోకి వదులుతూ ఉంటుంది.

మూడవ భయం నడకను గురించినది. రోగిని మంచం దిగనీయకుండా కాపాడడమే సేవ అని మన ఇళ్లలో భావన. పెద్దప్రేగు క్యాన్సర్‌కు శస్త్రచికిత్స, కీమోథెరపీ ముగిసిన 889 మందిపై జరిగిన పెద్ద పరిశోధన ఫలితాలు 2025లో వెలువడ్డాయి. మూడేళ్లపాటు శిక్షకుని సహాయంతో క్రమబద్ధంగా వ్యాయామం చేసినవారిలో అయిదేళ్ల తరువాత వ్యాధి తిరగబెట్టకుండా ఉన్నవారు నూటికి 80 మంది. ఆరోగ్య సలహాల పుస్తకం మాత్రమే అందుకొన్నవారిలో నూటికి 74 మంది. గుండె వేగం పెరిగి రక్తం పరుగెత్తినందువల్ల వ్యాధి పాకేదే అయితే ఈ ఫలితం తలకిందులై ఉండేది. వైద్యుడు అనుమతించిన మేరకు రోగిని నడవనీయండి. కాలువ గట్టున సాయంకాలపు నడక వల్ల వారికి మేలే గాని కీడు లేదు.

మందుకు కూడా వాహనం రక్తమే

"రక్తంలో కలిస్తే ఇక లాభం లేదు" అన్న మాటను తిరస్కరించడానికి మన గోదావరి సీమవాడే ఒకడు ప్రబలమైన సాక్ష్యం ఇచ్చాడు. ఆయన యల్లాప్రగడ సుబ్బారావు. 1895 జనవరి 12న భీమవరంలో జన్మించి, మద్రాసులో వైద్యం చదివి, అక్కడి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం బోధించి, తరువాత అమెరికాకు వెళ్లాడు. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వాన తయారైన అమినాప్టెరిన్ అనే ఔషధాన్ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ పిల్లలకు వాడి, 16 మందిలో 10 మందికి తాత్కాలికంగానైనా గుణం కనిపించిందని 1948లో ప్రకటించాడు. ఆ సంవత్సరమే ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశాడు.

అమినాప్టెరిన్‌కు సోదరి వంటి ఔషధం మెథోట్రెక్సేట్. గర్భిణి మాయ కణాల నుండి పుట్టే కోరియోకార్సినోమా అనే క్యాన్సర్ రక్తం ద్వారా త్వరగా ఊపిరితిత్తులకు పాకుతుంది. 1956లో అమెరికాలో లీ, హెర్ట్జ్ అనే వైద్యులు ఆ విధంగా పాకిన వ్యాధి మెథోట్రెక్సేట్‌తో మటుమాయమైనదని వెల్లడించారు. రక్తం మోసుకుపోయిన కణాన్ని, అదే రక్తం మోసుకుపోయిన మందు వెతికి పట్టుకొన్నది! కణం ఏ బోదెలో దాగినా మందు ఆ బోదెకు చేరగలిగింది. శస్త్రచికిత్స తరువాత కూడా కీమోథెరపీ ఎందుకు అని అడిగేవారికి ఇదే జవాబు. కంటికి కనిపించని పిలకల కోసం కాలువ పొడవునా పంపే మందు అది.

ఇంటి పెరటిలోని బిళ్లగన్నేరు కూడా ఇందుకు సాక్షియే. దాని నుండి తీసిన విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ 1960ల నుండి క్యాన్సర్ చికిత్సలో ఉన్నాయి. అయితే ఆకు నూరి రసం తాగితే సరిపోతుందనుకోవడం ప్రమాదకరం. ఆ ఆకులో మందు అత్యల్పం. దానితోపాటు ఇతర విషపదార్థాలు అనేకం. శుద్ధిచేసిన మందును కూడా మిల్లీగ్రాముల లెక్కన, రక్తకణాల సంఖ్య చూసుకొంటూ, సిరలోకే ఎక్కిస్తారు. మొక్క మనదే అయినా మోతాదు లేనిదే అది మందు కాదు. మాత్ర ఎరుగని ఔషధం విషమన్న సంగతి ఆయుర్వేదం చదివినవారికి కొత్తగా చెప్పనక్కరలేదు.

ఇంటింటా పాటించవలసినవి

మూడు వారాలు దాటినా మానని నోటిపుండు, నోటిలో తెల్లని లేదా ఎర్రని మచ్చ, రొమ్ములో నొప్పిలేని గడ్డ, మెడలో గట్టి బిళ్ల, ముట్లుడిగిన తరువాత రక్తస్రావం, మలంలో రక్తం, కారణం తెలియని బరువు తగ్గుదల – వీటిలో ఏది కనిపించినా పట్లు, కషాయాలతో కాలం గడపరాదు. నొప్పి లేదు కదా అని ఊరుకోవడం మన స్త్రీలలో ఎక్కువ. తొలిదశలో క్యాన్సర్ గడ్డ చాలామందిలో నొప్పి పెట్టదు.

లంకపొగాకు చుట్ట మన ప్రాంతపు పెద్దలకు పాత నేస్తం. విశాఖ, శ్రీకాకుళం వైపు నిప్పున్న కొసను నోటిలో పెట్టుకొని కాల్చే అడ్డపొగ అలవాటు అంగిలి క్యాన్సర్‌కు దారితీస్తుందని దశాబ్దాల పరిశోధన తేల్చింది. తిన్నగా కాల్చినా చుట్ట నోటికి క్షేమం కాదు. తాతగారికి చుట్ట అందించే మనుమడి చేత ఆ పని మాన్పించడం ఏ లేహ్యం కంటెనూ మంచి రక్షణ.

ముప్పై ఏళ్లు దాటినవారికి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం పరీక్షించే ఏర్పాటు ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థలో ఉన్నది. అమలాపురంలో ప్రాంతీయ ఆసుపత్రి, కాకినాడలో ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఉన్నాయి. విశాఖపట్నం అగనంపూడిలో టాటా మెమోరియల్ కేంద్రానికి చెందిన హోమీభాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, ఇప్పుడు డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్యసేవగా పిలువబడుతున్న పథకంలో అర్హులైన కుటుంబాలకు క్యాన్సర్ చికిత్సలు చేరి ఉన్నాయి. ఖర్చుకు జంకి ఇంటిలోనే ఉండిపోయేవారు ముందు ఆ సంగతి విచారించుకోవాలి.

చివరిగా, నా తోటి వైద్యులకు ఒక మనవి. గ్రామంలో గడ్డతో వచ్చే ఇల్లాలు ముందు మన గడపే తొక్కుతుంది. పెద్ద ఆసుపత్రి పేరు చెబితే వణికే ఆమె మన మాట మీద గురితో వస్తుంది. ఆ గురిని నలభై రోజుల మండల చికిత్సకు ఖర్చు చేయవద్దు. "అమ్మా, ముందు సూది పరీక్ష చేయించుకు రా, క్యాన్సర్ కాదని తేలితే మిగిలినది నేను చూసుకొంటాను" అని చీటీ రాసి ఇవ్వండి. క్యాన్సర్ అని తేలినా మనకు పని లేకపోలేదు. ఆకలి పుట్టే పథ్యం చెప్పడం, మలబద్ధకం రాకుండా చూడడం, ధైర్యం నింపడం, ఏ ఔషధమైనా అక్కడి వైద్యునికి తెలియజేసి వాడించడం మన బాధ్యతలే.

కణం రక్తంలోకి జారక ముందు ఉన్న ప్రతిదినమూ రోగి ఆస్తి. దానిని ఆమె చేతి నుండి తీసుకొనే హక్కు ఏ వైద్యానికీ లేదు.